ఏకవ్యక్తి పత్రికలు: పుట కూర్పు, వచన గుణం – విలువ కట్టిన తీరు (1871–1926)

తెలుగు పత్రికల్లో గ్రంథ సమీక్షలు చదివినవారికి ఒక వాక్యం బాగా పరిచితం. రచన గుణదోషాలన్నీ చెప్పడం ముగిశాక చివరన సమీక్షకుడు ‘అచ్చు, కాగితం, అట్ట బాగున్నవి’ అని గాని, ‘అచ్చుతప్పులు ఎక్కువగా ఉన్నవి’ అని గాని ఒక మాట చేరుస్తాడు. రచనను తూచే త్రాసు ఒకటి, దాని రూపాన్ని తూచే త్రాసు మరొకటి అనే భావన ఆ చివరి వాక్యంలో ఉంది. మొదటిది పండితుడి పని, రెండవది అచ్చుకూటం వాళ్ళ వ్యవహారం. రచయిత ఒకరు, ప్రకాశకుడు ఒకరు, ముద్రాపకుడు ఇంకొకరు అయిన గ్రంథం విషయంలో ఈ విభజనకు కొంత అర్థం ఉంది. రాసేదీ, దిద్దేదీ, పుట ఎలా ఉండాలో నిర్ణయించేదీ, నష్టం భరించేదీ ఒకే మనిషి అయినప్పుడు ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందన్నది ప్రశ్న.

అలాంటి పత్రికలను ఈ వ్యాసంలో ‘ఏకవ్యక్తి పత్రికలు’ అంటున్నాను. ఒక వ్యక్తి ప్రభావం బలంగా ఉన్న ప్రతి పత్రికా దీని కిందికి రాదు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ‘కృష్ణా పత్రిక’ ఆయన ముద్రను ఎంతగా మోసినా, అది ఒక సంస్థ. కాశీనాథుని నాగేశ్వరరావు పత్రికలూ అంతే. ప్రధాన రచయితే సంపాదకుడు, యజమాని కూడా అయి, పత్రిక బతుకు ఆయన ఓపిక మీదా జేబు మీదా ఆధారపడినవే ఇక్కడ పరిశీలనాంశం. కొక్కొండ వేంకటరత్నం ‘ఆంధ్రభాషాసంజీవని’, కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’, గిడుగు వేంకట రామమూర్తి ‘తెలుగు’, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘ప్రబుద్ధాంధ్ర’ ఈ కోవలోనివి. సోదరులిద్దరు నడిపినదే అయినా ఇనుగుర్తి ‘తెలుగు పత్రిక’ను కూడా ఇక్కడే చేర్చుకుంటున్నాను.

ఈ పత్రికలకు సమకాలికులు ఏ ప్రమాణాలతో విలువ కట్టారు, ఆ ప్రమాణాలు ఏమి చూడలేకపోయాయి అన్నదే చర్చ. నా వాదం ఒక్కటే. తెలుగు వచనంలో పదాల నడుమ ఖాళీ ఎక్కడ ఉండాలన్నది భాషా విషయమూ అవును, పుట కూర్పు విషయమూ అవును. ఈ రెంటినీ వేరువేరు త్రాసుల్లో తూచినంత కాలం ఏకవ్యక్తి పత్రికల వచనానికి సరైన విలువ కట్టడం సాధ్యం కాలేదు.

కొలిచినవారు ఎవరు?

మొదట కొలిచింది ప్రభుత్వం. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం నియతకాలిక పత్రిక ముద్రాపకుడూ ప్రకాశకుడూ మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన దాఖలు చేయాలి. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరూ ముద్రణ స్థలమూ ఉండాలి. అదే చట్టం కింద పుస్తకాలకు మూడు నెలలకొకసారి జాబితాలు తయారయ్యేవి. పేరు, భాష, విషయం, పుటల సంఖ్య, పరిమాణం, ప్రతుల సంఖ్య, అక్షరాల అచ్చా లేక రాతి అచ్చా, వెల ఎంత – ఇవీ అందులోని గడులు. ఈనాడు ముద్రణ చరిత్ర రాసేవారికి అది పెన్నిధి. అయితే ఆ గడుల్లో పుట రూపం కేవలం కొలతగా మిగిలింది. అది చదవడానికి వీలుగా ఉందా అని అడిగే గడి లేదు.

ప్రభుత్వానికి మరో కన్ను కూడా ఉండేది. దేశభాషా పత్రికల్లో పాలనకు సంబంధించిన అంశాలను అనువాదకులు ఇంగ్లీషులో సంగ్రహించి నివేదికలుగా పంపేవారు. అక్కడ రూపమూ లేదు, వచనమూ లేదు. ఉన్నదల్లా ‘ఫలానా పత్రిక ఫలానా అధికారిని గురించి ఇలా రాసింది’ అన్న సారాంశం మాత్రమే. గోదావరి జిల్లా కచేరీల్లోని లంచగొండితనాన్ని వీరేశలింగం ఎండగట్టిన రాతలకు పదును తెచ్చినది వాటి వ్యంగ్యం. సంగ్రహంలో ముందుగా ఆవిరైపోయేది ఆ వ్యంగ్యమే. వీరేశలింగం గద్యాన్ని సాంఘిక చరిత్రకు ఆధారంగా మాత్రమే వాడుకునే అలవాటుకు మూలాలు ఈ నివేదికల పద్ధతిలో కొంతైనా ఉన్నాయని నా అనుమానం.

మూడవ వర్గం పండితులది. వారి చేతిలో చిన్నయసూరి బాలవ్యాకరణం ఉంది. పత్రిక వచ్చిందంటే ముందు చూసేది సంధి, సమాసం, అరసున్న, శకటరేఫం. ఈ కొలమానాన్ని ఎగతాళి చేయడం ఇప్పుడు సులభం. కాని అప్పటికి వచనానికి మరో అంగీకృత ప్రమాణం లేదు. నెల్లూరు నుంచి పూండ్ల రామకృష్ణయ్య 1885లో ప్రారంభించిన ‘అముద్రితగ్రంథచింతామణి’ అచ్చుకాని కావ్యాలను వెలికితెస్తూనే సమకాలిక గ్రంథాలపై విమర్శలకూ చోటిచ్చింది. 1904 దాకా సాగిన ఆ పత్రిక విమర్శను మర్యాదపూర్వక ప్రశంస స్థాయి నుంచి తప్పొప్పుల పట్టిక స్థాయికి తెచ్చింది. అది చిన్న ముందడుగు కాదు. అయితే తప్పొప్పుల పట్టిక పదాన్ని చూస్తుంది, మహా అయితే వాక్యాన్ని చూస్తుంది, పుటను చూడదు.

ప్రత్యర్థి అచ్చుకూటంలో

1871లో కొక్కొండ వేంకటరత్నం మద్రాసు నుంచి ‘ఆంధ్రభాషాసంజీవని’ని మాసపత్రికగా తెచ్చారు. సంప్రదాయ పక్షం, ప్రౌఢ గ్రాంథికం ఆయనవి. వీరేశలింగం ‘వివేకవర్ధని’ 1874 అక్టోబరులో మొదలైంది. అప్పటికి ఆయన ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడు. సొంత అచ్చుకూటం లేదు. అందుచేత పత్రిక మొదట్లో మద్రాసులో, అదీ కొక్కొండవారి సంజీవనీ ముద్రాక్షరశాలలోనే అచ్చయింది. రెండు పత్రికల వైరాన్ని గురించి చాలామంది రాశారు. ఒక పత్రిక మరో పత్రిక యజమాని అచ్చుకూటంలో పురుడు పోసుకుందన్న ఈ వాస్తవాన్ని మాత్రం సరదా విశేషంగా చెప్పి దాటేస్తారు. రూపం గురించి ఆలోచించేవారికి అది సరదా విశేషం కాదు.

మద్రాసుకూ గోదావరికీ మధ్య నేరుగా రైలు మార్గం 1890ల దాకా ఏర్పడలేదు. ధవళేశ్వరంలో రాసిన వ్రాతప్రతి దూరాన ఉన్న నగరంలో, మరొకరి కొలువులోని అక్షరాలు కూర్చేవారి చేతికి వెళ్ళాలి. వారి చేయి అలవాటుపడినది యజమాని గ్రాంథికానికి, ఆయన పద విభజన పద్ధతికి. రచయిత ఎదుట లేడు. ఏ పదం దగ్గర ఖాళీ విడవాలి, పేరా ఎక్కడ మొదలుకావాలి, సంభాషణను ఎలా విడదీయాలి అనే నిర్ణయాలు ఇలాంటి స్థితిలో సగానికి సగం కూర్పరివి అవుతాయి. వీరేశలింగం తరువాత రాజమహేంద్రవరంలో సొంత అచ్చుకూటం పెట్టుకోవడాన్ని సాధారణంగా ఆర్థిక స్వాతంత్ర్యంగా, సంస్కరణోద్యమానికి కావలసిన ఆయుధంగా వివరిస్తారు. అది నిజమే. దానితోపాటు పుట మీద అధికారం కూడా ఆయన చేతికి వచ్చిందని గుర్తించాలి. 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను విడతలుగా వెలువరించగలగడానికి ఆ అధికారం ఎంతో కొంత కారణం. విడతకు ఎన్ని పుటలు, ఎక్కడ ఆపాలి అన్నది నవలా రచయితే నిర్ణయించుకునే వెసులుబాటు అంతకు ముందు తెలుగులో ఎవరికీ అంతగా లేదు.

వైరం ముదిరాక కొక్కొండ తమ పత్రికకు ‘హాస్యవర్ధని’ని అనుబంధంగా తెచ్చారు. వీరేశలింగం ‘హాస్యసంజీవని’తో బదులిచ్చారు. పేర్లను గమనిస్తే, సంజీవనివారు వర్ధనిని, వర్ధనివారు సంజీవనిని ఎగతాళికి ఎత్తుకున్నారు. ఇందులోని చమత్కారం అందరికీ తెలిసినదే. నా దృష్టిలో ముఖ్యమైనది వేరొకటి. హాస్యానికి విడిగా ఒక పేరు, ఒక చోటు ఏర్పడ్డాయి. ఆ చోటులో భాష మారవచ్చు. ‘బ్రహ్మవివాహం’ వంటి ప్రహసనం హాస్యసంజీవనిలో వచ్చినప్పుడు పాత్రల నోట మనుషుల మాట పలికింది. అదే సంపాదకుడు అదే కాలంలో వ్యాసాల్లో గ్రాంథికాన్ని వదల్లేదు. దీన్ని ఆయన భాషా దృక్పథంలోని వైరుధ్యంగా చూపడం పరిపాటి. ఒకే భాషను రెండు చోట్ల రెండు రకాలుగా రాశాడన్నది ఆరోపణ. పుటను కలుపుకుని చూస్తే అది వైరుధ్యంగా తోచదు. పాత్ర పేరు పంక్తి మొదట, మాట దాని పక్కన, మరో పాత్ర మాట కొత్త పంక్తిలో. ఈ అమరిక ‘ఇక్కడ పలుకుతున్నది సంపాదకుడు కాదు, పాత్ర’ అని కంటికే చెబుతుంది. పాత్రోచిత భాష అనే పాత నాటక మర్యాదకు అచ్చు పుట మీద దొరికిన కొత్త రూపం అది. వ్యావహారికం తెలుగు పత్రికలోకి సిద్ధాంతంగా రాకముందు ఒక పుట అమరికగా వచ్చింది.

1883లో ‘సతీహితబోధిని’ని స్త్రీల కోసం ప్రారంభించినప్పుడు వీరేశలింగం చదువరిని బట్టి పత్రికనే వేరు చేశారు. అంటే ఒకే వ్యక్తి ముగ్గురు చదువరులకు మూడు చోట్లు కల్పించారు. ఈ పత్రికలన్నింటినీ కలిపి ‘వీరేశలింగం గద్యం’ అనే ఒకే రాశిగా పోసి సగటు విలువ కట్టే పద్ధతి వల్ల మనం పోగొట్టుకున్నది చిన్నది కాదు.

సంధి, ఖాళీ, సీసపు అక్షరం

ఇప్పుడు అసలు కీలకానికి వస్తాను. తాళపత్రాల మీద పదాల నడుమ ఖాళీ విడిచే ఆచారం లేదు. పద్యం చదివే చదువరికి అది కొరత కాలేదు. యతిప్రాసలూ గణాలూ కంటికి లేని ఖాళీలను చెవికి ఇచ్చేవి. వచనానికి ఆ ఆసరా లేదు. అచ్చు వచ్చాక వచనం విస్తరించింది. 1853 నాటి ‘నీతిచంద్రిక’ ఆ వచనానికి ఒక గౌరవప్రదమైన నమూనాను నిలబెట్టింది. ఆ నమూనాలో సంధి పద్యంలో ఎలాగో గద్యంలోనూ అలాగే జరుగుతుంది.

దీని ఫలితం ఏమిటో చూపడానికి, ఏ గ్రంథం నుంచీ ఎత్తి రాయకుండా, ఒక వాక్యం కల్పించి చూద్దాం. ‘అతఁడు ఊరికి ఏ దారిని ఏఁగెనో ఎవరును ఎఱుఁగరు.’ ఏడు పదాలు, ఆరు ఖాళీలు. సంధులన్నీ చేసి రాస్తే ఇది ‘అతఁడూరికేదారినేఁగెనో యెవరునెఱుఁగరు’ అవుతుంది. ఇప్పుడు రెండు ఖండాలు, ఒకే ఒక్క ఖాళీ. వ్యాకరణం ప్రకారం ‘అతఁడూరికి’ అనక తప్పదు, ఎందుకంటే ఉకార సంధి నిత్యం. ‘ఊరికేదారి’ మాత్రం తప్పనిసరి కాదు. షష్ఠి ‘కి’ ఏమ్యాదుల్లోనిది కాబట్టి అక్కడ సంధి వైకల్పికం. సూరి వ్యాకరణం ఇచ్చిన ఈ వెసులుబాటును వాడుకోవడమా మానడమా అన్నది రచయిత చేతిలో ఉంది. సంధి చేస్తే చదువరి కంటికి ముందు తగిలేది ‘ఊరికే’ అన్న మాట. అతఁడు ఊరికే ఏదో చేశాడనుకుని, రెండక్షరాలు పోయాక వెనక్కు వచ్చి సరిదిద్దుకోవాలి. వ్యాకరణ రీత్యా దోషం లేదు. చదువరికి కలిగిన తొట్రుపాటు మాత్రం నిజమైనది. దీన్ని పండితుడి తప్పొప్పుల పట్టిక పట్టుకోదు. అచ్చు నాణ్యాన్ని చూసే సమీక్షకుడి చివరి వాక్యమూ పట్టుకోదు.

అచ్చుకూటం వైపు నుంచి చూస్తే ఇదే వాక్యం మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. పంక్తికి రెండు అంచులూ సమంగా రావాలంటే కూర్పరి పదాల నడుమ ఖాళీలను పెంచాలి, లేదా తగ్గించాలి. పంక్తిలో ఆరు ఖాళీలుంటే తేడా ఆరు చోట్లకు సర్దుకుంటుంది. ఒకటే ఉంటే అది పంక్తి మధ్యన గండిలా నోరు తెరుస్తుంది. లేదంటే పొడవాటి ఖండాన్ని ఏదో ఒక అక్షరం దగ్గర విరిచి కింది పంక్తికి తోయాలి. పాత తెలుగు అచ్చులో పదం విరిగిందని చూపే గీత కూడా తరచు ఉండదు. పుట ఇరుకైనకొద్దీ, రెండు వరుసలుగా కూర్చినకొద్దీ ఈ బాధ పెరుగుతుంది. పత్రిక పుట గ్రంథం పుట కంటె ఈ బాధకు ఎక్కువ లోనవుతుంది.

పై వాక్యంలో మూడు అరసున్నలూ ఒక శకటరేఫమూ ఉన్నాయి. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు కలుపుకుంటే తెలుగు అచ్చుకు కొన్ని వందల రకాల సీసపు అక్షరాలు కావాలి. చిన్న అచ్చుకూటానికి ఒక్కొక్క గుర్తూ ఖర్చే. కూర్పరి చేయి దాన్ని వెతుక్కోవడం కాలమే. పైగా అరసున్న పడవలసిన చోట పడకపోయినా, పడకూడని చోట పడినా పండితుడి దృష్టికి అది రచయిత అజ్ఞానం. ఉచ్చారణలో ఏనాడో జారిపోయిన ఒక ధ్వని గుర్తు కోసం ఏకవ్యక్తి సంపాదకుడు ప్రూఫుల మీద రాత్రులు గడపాలి. ‘అచ్చుతప్పులు ఎక్కువ’ అన్న సమీక్షా వాక్యం ఎవరి మీద ఏ తీర్పు చెబుతోందో ఇక్కడ ఆగి ఆలోచించాలి. అది కొన్నిసార్లు కూర్పరి మీద, కొన్నిసార్లు రచయిత మీద, చాలాసార్లు నేర్చుకుంటే తప్ప రాని వర్ణక్రమం మీద చెప్పిన తీర్పు.

వీరేశలింగం మొదట సూరి బాటలోనే పంచతంత్రంలోని సంధి, విగ్రహాలను రాశారు. ఆ తరువాత క్రమంగా వాక్యాన్ని తేలిక చేశారు. ఈ మార్పును ‘శైలీ పరిణామం’ అని పిలవడం వాడుక. నా దృష్టిలో ఇందులో శైలి ఎంతో, పత్రిక నడిపిన అనుభవం అంత. నెలనెలా ప్రూఫులు దిద్దుకునేవాడికి పొడవాటి ఖండం ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. చందాదారు ఉత్తరం రాస్తే ఏది అర్థం కాలేదో తెలుస్తుంది. కావ్యకర్తకు ఈ రెండు పాఠాలూ ఉండవు.

పర్లాకిమిడి ‘తెలుగు’

1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులు దానికి వెన్నెముక. 1914లో గురజాడ అసమ్మతి పత్రం. 1919లో పర్లాకిమిడి నుంచి గిడుగు ‘తెలుగు’ మాసపత్రిక. ఈ వరుస తెలియని తెలుగు పరిశోధకులు ఉండరు కాబట్టి వివరాల్లోకి వెళ్ళను. ఒక తేదీని మాత్రం గుర్తుచేస్తాను. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు అధ్యక్షుడు వీరేశలింగం, కార్యదర్శి గిడుగు. మూడు నెలలు తిరగకుండానే, మే 27న, వీరేశలింగం కన్నుమూశారు. నలభై అయిదేళ్ళ కింద ప్రత్యర్థి అచ్చుకూటంలో పత్రిక ప్రారంభించిన మనిషి చివరి భాషా నిర్ణయం ఇది.

విలువ కట్టే పద్ధతికి గిడుగు చేసిన మేలు ఒకటుంది. గ్రాంథికం తప్పనిసరి అన్నవారి రచనలనే తీసుకుని, వారి కొలమానంతోనే కొలిచి, అందులో ఎన్ని చోట్ల తప్పారో చూపారు. దీన్ని ప్రతివాదులు వ్యక్తిగత దాడిగా తీసుకున్నారు. నిజానికి అది కొలమానం మీద చేసిన పరీక్ష. ఆ ప్రమాణాన్ని నిలబెట్టేవారే దాన్ని పాటించలేకపోతే, బడిపిల్లవాడి వ్యాసానికీ చిన్న పత్రికకూ దాన్ని అంటగట్టడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న. ఆయన బోధకుడు కాబట్టి వచనాన్ని వినేవాడి వైపు నుంచి చూశారు. పదాలను విడదీసి రాయడం, పలుకుబడిలో లేని అరసున్ననూ శకటరేఫాన్నీ వదలడం ఆయన పక్షానికి భాషా సిద్ధాంతం. వాటి వల్ల పుట తెరిపిన పడడం అడగకుండా దొరికిన లాభం. పై వాక్యాన్నే ‘అతను ఊరికి ఏ దారిన వెళ్ళాడో ఎవరికీ తెలియదు’ అని రాస్తే మళ్ళీ ఏడు పదాలు, ఆరు ఖాళీలు. ‘ఊరికే’ అన్న భ్రమ లేదు. అక్షరాల పెట్టెలో అరసున్న కోసం వెతుకులాట లేదు.

ఇంత చెప్పాక గిడుగు రచనను కూడా అదే త్రాసులో పెట్టాలి. ఆయన వాదనా పద్ధతి ప్రయోగాల మీద ప్రయోగాలు పేర్చుకుంటూ పోవడం. వాదిగా అది ఆయన బలం. ఎదుటివాడికి ఊపిరాడదు. చదువరికీ ఊపిరాడదు. వ్యావహారికంలో రాసినంత మాత్రాన వచనం సుబోధం కాదనడానికి, గౌరవం తగ్గకుండా చెప్పగలిగితే, గిడుగు వ్యాసాలు కొన్ని మంచి ఉదాహరణలు. జయంతి పక్షం వాదనలో ఒక్క అంశం నాకు ఇప్పటికీ కొట్టిపారేయదగినదిగా తోచదు. ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాస్తే పత్రిక మారినప్పుడల్లా చదువరి మళ్ళీ చదవడం నేర్చుకోవాలి కదా అన్న భయం అది. ‘వచ్చాడు, వొచ్చాడు, వచ్చేడు’ అన్న తేడాలను ఎలా అచ్చువేయాలన్న ప్రశ్న తరువాతి దశాబ్దాల్లో పత్రికా కార్యాలయాలను నిజంగానే వేధించింది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘ప్రబుద్ధాంధ్ర’ ఈ వాదాల నీడలో నడిచిన పత్రిక. గ్రాంథికంతో మొదలుపెట్టి వాడుక భాషకు వచ్చిన రచయిత ఆయన. ఆయన కథల్లోని సంభాషణల విలువను అందరూ ఒప్పుకున్నారు. పత్రిక కోసం పడిన అగచాట్లను ఆయన కష్టాల ఖాతాలో రాసి, ఆ సంభాషణలకు కారణాన్ని గోదావరి జిల్లా నుడికారానికి మాత్రమే కట్టబెట్టారు. ఇతరుల రచనలను నెలల తరబడి చదివి, కోసి, పుటలో ఇమిడ్చిన సంపాదకుడి చెవి కూడా ఆ సంభాషణల వెనుక ఉందని నేననుకుంటాను.

ఇనుగుర్తి ‘తెలుగు’

మూడేళ్ళ తరువాత అదే పేరుతో మరో పత్రిక వచ్చింది. 1922లో వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెలుగు పత్రిక’ను వారపత్రికగా తెచ్చారు. అదే ఏడు నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకట రామనరసింహారావు ‘నీలగిరి పత్రిక’ వచ్చింది. పర్లాకిమిడి పత్రికకు ‘తెలుగు’ అన్న పేరు ఏ తెలుగు అన్న వివాదానికి జెండా. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అదే పేరు తెలుగు అనేది ఒకటి ఉందన్న ప్రకటన. రెంటినీ ఒకే కొలతతో కొలవరాదు.

అయితే ఇక్కడ మరో ప్రమాదం ఉంది. తెలంగాణ తొలి పత్రికల గురించి రాసేటప్పుడు ‘అంతటి ప్రతికూల పరిస్థితుల్లో వెలువడడమే గొప్ప’ అని చెప్పి ఆగిపోతారు. సానుభూతి కూడా చదవకుండా తప్పించుకునే మార్గమే. పల్లెలో అచ్చుయంత్రం పెట్టుకుని, రచన నుంచి ముద్రణ దాకా ఇంటిపనిగా చేసుకున్న సోదరుల పత్రికలో రచయితకూ అచ్చుకూటానికీ నడుమ దూరమే లేదు. ధవళేశ్వరం, మద్రాసుల మధ్య వీరేశలింగానికి ఉన్న దూరానికి ఇది మరో కొస. అందుచేత ఇక్కడి పుటలో కనిపించే ప్రతి ఖాళీనీ, ప్రతి విరామ చిహ్నాన్నీ రచయిత నిర్ణయంగా చదివే హక్కు పరిశోధకుడికి ఉంది. మరే తెలుగు పత్రిక విషయంలోనూ ఆ హక్కు ఇంత నిశ్చయంగా లేదు. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ ప్రారంభమయ్యాక తెలంగాణ తెలుగు పత్రికా రచన మరో స్థాయికి వెళ్ళింది, కాని అది క్రమంగా సంస్థ అయిన పత్రిక. దాని లెక్క వేరు.

మన చేతిలో ఉన్నది ఏమిటి?

ఈ పత్రికలకు ఈనాడు విలువ కట్టే పరిశోధకుడి బల్ల మీద సాధారణంగా పత్రిక ఉండదు. రచయిత సంపుటాలు ఉంటాయి, లేదా సంకలనాలు ఉంటాయి. సంపుటంలో వ్యాసాలు విషయక్రమంలోకి మారిపోతాయి. వ్యాసం పక్కన ఏ ప్రకటన ఉంది, ఏ ఉత్తరానికి జవాబుగా అది వచ్చింది, అది మొదటి పుటలో ఉందా అట్ట లోపలి వైపు చిన్న అక్షరాల్లో ఉందా అన్నది పోతుంది. మూలపత్రికలు దొరికినా గ్రంథాలయాల్లో బైండు చేసేటప్పుడు అట్టలూ ప్రకటనల పుటలూ తీసివేసిన సంపుటాలే ఎక్కువ. పాత సంచికలు తిరగేసినవారికి ఈ బాధ తెలుసు. అచ్చు, కాగితం, అట్ట గురించి సమీక్షకుడు చివరన రాసిన ఒక్క వాక్యమే కొన్నిచోట్ల ఆ రూపానికి మిగిలిన సాక్ష్యం. మొదట్లో ఆ వాక్యాన్ని కొంచెం తక్కువ చేసి మాట్లాడాను. దాని విలువ అది రాసినవారు అనుకున్నదానికంటె ఎక్కువే.

పునర్ముద్రణల సంగతి ఇంకా చిక్కుది. ఈనాటి చదువరి సౌకర్యం కోసం పాత వచనంలో పదాలు విడదీయడం, పేరాలు పెంచడం, విరామ చిహ్నాలు చేర్చడం, కొన్నిచోట్ల అరసున్నలు తొలగించడం ప్రకాశకులకు అలవాటు. ఉద్దేశం మంచిదే. పీఠికలో ఆ మాట చెప్పినవారు తక్కువ. అలాంటి ప్రతి నుంచి ఒక పేరా ఎత్తి, 1878 నాటికే తెలుగు వచనం ఇంత తేటగా ఉందని సిద్ధాంత వ్యాసంలో రాసినప్పుడు, ఆ మెప్పులో కొంత భాగం వీరేశలింగానికి కాక, వంద ఏళ్ళ తరువాత ఎక్కడో కూర్చుని ఆ పదాల నడుమ ఖాళీలు విడిచిన పేరు తెలియని కూర్పరికి చెందుతుంది.